బాపు కుడి చెవి

ఈ మధ్య ఎక్కడికి వెళ్లినా మనుషులు నాకు ఎడమవైపే కూర్చుంటున్నారు. పెళ్లి బంతిలో అంతే, బస్సులో అంతే, కరెంటు ఆఫీసు బెంచీ మీదా అంతే. కుడివైపు జాగా ఖాళీగా ఉన్నా సరే, నన్ను చుట్టి వచ్చి మరీ ఎడమపక్కన చతికిలబడి, అక్కడినుంచి ఏదో గొణుగుతారు. లోకంలో గట్టిగా మాట్లాడే అలవాటు తప్పిపోయిందని, మర్యాద ఎక్కువై గొంతులు సన్నబడ్డాయని ఏడాదిగా దొరికిన వాళ్లందరికీ చెబుతూ వచ్చాను. అందరూ తల ఊపారు. ఏమన్నారో నాకు వినపడలేదు. పోయిన నెల మా కోడలు నన్ను చెవుల డాక్టరు దగ్గర కూర్చోబెట్టింది. ఆయన లైటు వేసి చూసి, తలకు ఏదో తగిలించి కాసేపు టిక్కుటిక్కుమనిపించి, కాగితం మీద రెండు గీతలు చూపించాడు. ఒకటి కొంచెం వంగి ఉంది. రెండోది చేంతాడు తెగిన బొక్కెనలా కిందికి దిగిపోయింది. "ఎడమ చెవి దాదాపు పోయింది సార్. మీ ఇంట్లో ఎవరికన్నా ఇట్లా ఉండేనా?" అని అడిగాడు. మా బాపుకు ఉండేది, సరిగ్గా ఇదే చెవి, అన్నాను. వంశపారంపర్యం అని రాసుకోబోతుంటే, ఆయనది బావిలో తూటా పేలి పోయిందని చెప్పాను. డాక్టరు కలం ఆపాడు. తర్వాత ఆ గడిలో ‘వయసు’ అని రాసుకున్నాడు.

ఇంటికొచ్చినప్పటినుంచి నాకు కుదురు లేదు. కుర్చీలో కూర్చుంటాను, లేస్తాను, గేటు దాకా పోతాను, గేటు దగ్గర పనేమీ లేదని గుర్తొచ్చి తిరిగొస్తాను. "మామా, ఏం వెతుకుతున్నరు?" అని మా కోడలు రెండుసార్లు అడిగింది. కళ్లద్దాలు అన్నాను. అవి ముక్కు మీదే ఉన్నాయి. జీవితంలో నవ్వించే మాటలు చెప్పి కొంత పేరు, దానికి తగ్గ చెడ్డపేరు తెచ్చుకున్నవాణ్ని. కాలేజీలో పాఠం చెప్పేటప్పుడు కూడా నేను నవ్వించకపోతే పిల్లలకు ఒంట్లో బాగాలేదా అన్నట్టు చూసేవాళ్లు. కానీ అన్నిటికంటే పెద్ద నవ్వు ఒకటి ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. అది మా బాపు పాడె పక్కన నేను నవ్వింది.

మా ఊరు మర్రిగూడ దిక్కు. అటు మట్టి జానెడు, కింద అంతా రాయి. నీళ్లు కావాలంటే రాయిని ఒప్పించాలి. ఆ ఒప్పించే పని మా బాపుది. రెండెకరాల చెలక పేరుకు ఉండేది గానీ, ఆయన మర్రిగూడ నుంచి కల్వకుర్తి దాకా ఎవరు బావి తవ్వినా రాయి తగలగానే కబురందే మనిషి. ఉలి ఆయన పట్టేవాడు, సమ్మెట సాయిలు మామ కొట్టేవాడు. సాయిలు మామ మా అమ్మకు వరుసకు తమ్ముడు, మా బాపుకు బామ్మర్ది. కాబట్టి బావను ఆడిపోసుకోవడానికి పుట్టుకతోనే హక్కున్నవాడు. బండకు మూరెడు లోతు రంధ్రం చేసి, అందులో తూటా, అంటే పేలుడు మందు, కూరి, వత్తి పెట్టి, ముట్టించి, ఊరంతా వినేటట్టు కేకేసి పైకి పరుగెత్తేవాళ్లు. సాయంత్రం మా బాపు ఇంటికొస్తే ఆయన కంటే ముందు తువ్వాల వాసన వచ్చేది. కాలిన మందు, రాతి పొడి, బీడీ, చెమట. అదే మా ఇంటి వాసన అనుకునేవాణ్ని. ఇతరుల ఇళ్లలో ఆ వాసన లేకపోతే వాళ్ల నాన్నలు ఏ పనీ చేయరని జాలిపడేవాణ్ని. గడప పక్కన ఇత్తడి చెంబు నిండా నీళ్లు పెట్టి ఉంచేది అమ్మ. ఆయన రాగానే ఆ చెంబు ఎత్తి కాళ్ల మీద పోసుకునేవాడు. ఆ నీళ్లు ఇంకొకరు ముట్టడానికి వీల్లేదు. ఒకసారి కోడి మూతి పెడితే ఆ కోడి ఆదివారం దాకా బతకలేదు.

తూటా సంగతి నేను చూశానో, సాయిలు మామ అన్నిసార్లు చెప్పగా చూసినట్టు అనిపిస్తోందో ఇప్పుడు చెప్పలేను. అప్పుడు నాకు ఏడేళ్లు. వత్తి ముట్టించి ఇద్దరూ పైకొచ్చారట. అది పేలలేదు. పేలని తూటా దగ్గరికి వెళ్లాలంటే రెండు బీడీలు కాలేంతసేపు ఆగాలని వాళ్ల పనిలో పద్ధతి. మా బాపు ఒక్క బీడీ కాల్చి దిగాడు. రెండోది మిగులుతుందనుకున్నాడేమో. సగం మెట్లు దిగేసరికి అది పేలింది. రాయి ఒక్కటీ తగల్లేదు. చప్పుడు మాత్రం తగిలింది. ఎడమ చెవిలోంచి నెత్తురు కారుతుంటే మంచం మీద వేసి నలుగురు మోసుకొచ్చారు. ఊపిరి ఆడుతోందో లేదో ఎవరికీ తెలియలేదు. సాయిలు మామ అప్పటికే ఏడుపు మొదలుపెట్టాడట. చుట్టాలకు కబురు పంపాలని ఎవరో అన్నారట. మా అమ్మ పొయ్యి మీది జొన్న గటక దించి పిండి చేతులతో లేచి వచ్చింది. ఏడవలేదు. నెత్తురు లేని చెవి ఏదో చూసుకుని, కుడిపక్కకు తిరిగి, వంగి, "లెవ్వు, గటక సల్లారుతాంది" అన్నది. మా బాపు కళ్లు తెరిచి, "ఏంది?" అన్నాడు.

ఈ కథను మా ఊళ్లో దేవుడి మహిమగా చెప్పుకున్నారు. మా అమ్మ మాత్రం దేవుణ్ని మధ్యలోకి రానివ్వలేదు. "సరిగ్గ పిలిస్తె ఎవరైన లేస్తరు" అనేది. ఆ మాట ఆమె నమ్మింది. మామూలుగా నమ్మడం కాదు, పొయ్యిమీద పెట్టిన నీళ్లు కాగుతాయని నమ్మినట్టు నమ్మింది.

ఆ తర్వాత మా ఇంటికి ఒక కుడి, ఒక ఎడమ ఏర్పడ్డాయి. మా బాపు మంచానికి కుడివైపు నేల అందరం కూర్చుని కూర్చుని నున్నగా అయింది. ఎడమవైపు విరిగిన చాట, గడ్డపార, కోళ్ల గంప. చుట్టాలొస్తే ముందు నీళ్లిచ్చి, తర్వాత కుడివైపుకు తోలేవాళ్లం. దానికితోడు ఆయన మెడ బిగుసుకుపోవడం మొదలైంది. మా ఊళ్లో నలభై దాటిన వాళ్లందరికీ ఏదో ఒకటి బిగుసుకునేది. ఒకరికి నడుము, ఒకరికి మోకాళ్లు. వాతం అనుకున్నాం. అది ఫ్లోరైడని, మా నీళ్లలోనే ఉందని ఎవరో వచ్చి సీసాల్లో పట్టుకుపోయి చెప్పేసరికి చాలా ఏళ్లు పట్టింది. మా బాపు ఎవరికోసం అంత లోతుకు పోయి ఆ నీళ్లు తెచ్చాడో వాళ్లంతా వంగిపోయారు. ఆయన్ను ఎవరూ ఏమీ అనలేదు, ఎందుకంటే అప్పటికి ఆయన లేడు. మెడ తిరగదు కాబట్టి మాట వినాలంటే మనిషి మొత్తం తిరగాల్సి వచ్చేది, బండిని మలిపినట్టు. మా అమ్మకు ఇది బాగా పనికొచ్చింది. ఆయన్ను తిట్టాలనిపించినప్పుడు ఎడమవైపు వెళ్లి కోళ్ల గంప సర్దుతూ తిట్టేది. చేసుకున్న నాటినుంచి ఆ పొద్దుటి దాకా ఉన్నవన్నీ ఆ చెవిలో పోసి, కొంగు దులుపుకుని కుడివైపు వచ్చి, "రొట్టె పెట్టాల్నా?" అని అడిగేది. ఆయన ఎదురుగా గోడవంక చూస్తూ చిన్నగా నవ్వుకునేవాడు. వినపడేది కాదుగానీ, ఆమె ఎటువైపుందో తెలుస్తుంది కదా.

ఆయన ఓర్చుకోలేనిది ఒక్కటే. తనకు అందకుండా ఇంట్లో నవ్వు పుట్టడం. మేం ఎవరం నవ్వినా, ఎంత చిన్నగా నవ్వినా, ఆ చప్పుడు మాత్రం ఎట్లాగో అందేది. మనిషి మొత్తం తిరిగి, "ఏందిర? ఏమైంది? నాకు చెప్పుర్రి" అనేవాడు. నిద్రలో ఉన్నా లేచేవాడు. అప్పుడు ఆ మాటను కుడి చెవిలో మళ్లీ చెప్పడం నా పని. ఒకసారి నవ్విన మాటను రెండోసారి చెప్పడమంటే చల్లారిన గటక తినిపించడమే. అందుకని సగానికి కోసి, మెరుగుపెట్టి, చివరి మాట ముందు కొంచెం ఆగి చెప్పడం నేర్చుకున్నాను. మేమంతా నవ్వి, నవ్విన సంగతే మరిచి, తినడంలో పడ్డాక ఆయన ఒక్కడే పెద్దగా నవ్వేవాడు. ఆయన నవ్వు చూసి మేం మళ్లీ నవ్వేవాళ్లం. "మళ్లేంది?" అని మళ్లీ తిరిగేవాడు. కాలేజీలో నన్ను మాటకారి అన్నవాళ్లెవరికీ నా తాలీము ఎక్కడ జరిగిందో తెలియదు.

చివరిసారి సెలవులకు వచ్చి పట్నం పోతున్నప్పుడు సాయిలు మామ గడప దగ్గర నా ప్యాంటు గురించి ఏదో అన్నాడు. అమ్మ, నేను పకపకా నవ్వాం. మంచం మీదినుంచి బాపు తిరిగి, "ఏందిర?" అన్నాడు. బస్సుకు వేళవుతోంది. "ఏం లేదు బాపూ, ఉత్తగనే" అని అరిచి వెళ్లిపోయాను. ఆ మాట ఏమిటో ఇప్పుడు నాకూ గుర్తులేదు.

నెల తిరక్కుండా కబురొచ్చింది. మూడు రోజుల జ్వరం. నేను బస్సు దిగి, మిగతా దారి సగం నడిచి సగం పరుగెత్తి చేరేసరికి ఆయన్ను అరుగు మీద పడుకోబెట్టి ఉన్నారు. ఏడవాలని నాకు తెలుసు. అందరూ నాకోసమే కాచుకుని ఉన్నారు కూడా. కొడుకు రాగానే ఒక పెద్ద ఏడుపు లేస్తుందని ఆడవాళ్లు కొంగులు సిద్ధం చేసుకున్నారు. నాకు కాళ్లు ఆడాయి గానీ కళ్లు తడవలేదు. అరుగు చుట్టూ తిరిగాను. ఇంట్లోకి పోయాను. ఎందుకు పోయానో తెలియక బయటికొచ్చాను. ఎవరో తువ్వాల ఇచ్చారు, ఎవరో తీసుకున్నారు. ఆయన ఎడమవైపు ఒక చుట్టం కూర్చుని శోకాలు పెడుతోంది. అటు కాదమ్మా, ఇటొచ్చి ఏడువు, అనబోయి నాలుక కరుచుకున్నాను.

మా అమ్మ కూడా ఏడవడం లేదు. అది ఇంకా అనుమానంగా చూస్తున్నారు. ఆమె ఆయన కుడివైపు నేలను కొంగుతో తుడుస్తోంది, తుడిచిందే తుడుస్తోంది. పాడె లేపే వేళకు అగ్గికుండ నా చేతిలో పెడుతుంటే ఆడవాళ్లను తోసుకుని వచ్చి నా జబ్బ పట్టుకుంది.

"యాదిగా, దింపుడుకల్లం కాడ నువ్వే గద పిలిచేది?"

"నేనే అమ్మా."

"కుడి చెవుల పిలువు. మర్వకు. వాండ్లకు తెల్వది, నీకు తెలుసు. కుడి చెవుల."

ఆమె ముఖంలో దుఃఖం లేదు. తొందర ఉంది. పొయ్యిమీద ఏదో పెట్టి వచ్చిన మనిషి ముఖం అది. అప్పుడర్థమైంది నాకు, ఆమె ఆయన్ను పంపించడం లేదని.

తెలియని వాళ్లకోసం చెబుతాను. శవాన్ని మోసుకుపోతూ సగం దారిలో ఒకచోట దించుతారు. కొడుకు చెవి దగ్గర వంగి మూడుసార్లు పిలవాలి. పొరపాటున ప్రాణం ఉంటే లేస్తాడని. లేచినవాణ్ని మా ఊళ్లో ఎవరూ చూడలేదు. అయినా దించకుండా ఎవర్నీ తీసుకుపోలేదు. దాన్నే దింపుడుకల్లం అంటారు.

డప్పుల వెనక అగ్గికుండ పట్టుకుని దారిపొడుగునా కుడి, కుడి, కుడి అనుకుంటూ నడిచాను. డప్పు దెబ్బకొకసారి అనుకున్నాను. బీఏ రెండో సంవత్సరం చదువుతున్నవాణ్ని, ఒక మాట గుర్తుపెట్టుకోవడం కష్టమేమీ కాదు. దించారు. ముందు నడుస్తున్న నేను వెనక్కి తిరిగాను. తిరగగానే, నేను దారంతా ఏ చేతిని చూసుకుంటూ కుడి అనుకున్నానో ఆ చేతివైపే పోయి కూర్చున్నాను. ఎదురుగా ఉన్న మనిషికి నా కుడి ఎడమవుతుందన్న సంగతి ఏ తరగతిలో చెప్పారో ఆ రోజు నేను బడికి పోలేదేమో. అవతలిపక్క ముళ్లకంప కూడా ఉంది, ఎవరూ అటు పోరు. శాస్త్రాలన్నీ చూసే ముత్తయ్య తాత కూడా "ఆ, గాడనే కూసో పిలగా" అన్నాడు.

వంగాను. పసుపు వాసన, బంతిపూల వాసన. బాపూ అన్నాను. కొంచెం ఆగి, బాపూ అన్నాను. మూడోసారి కొంచెం గట్టిగా అన్నాను. ఆయన ఎదురుగా ఆకాశంవంక చూస్తున్నట్టే ఉన్నాడు, ఎడమవైపు మా అమ్మ కూర్చున్నప్పుడు చూసినట్టు.

భుజం మార్చుకోవడానికి పక్కకు పోయిన సాయిలు మామ అప్పుడే వచ్చి, అక్కడే నిలబడిపోయాడు.

"ఏ చెవుల పిలిచినవ్‌ర అల్లుడా?"

"ఈ చెవుల."

"ఓరి నీ సదువు పాడుగాను! అది తూటా తిన్న చెవుర!"

ముత్తయ్య తాత చేతికర్ర నేలకు కొట్టాడు. "ఏ చెవైతేందయ్యా, మూడుసార్లు పిలిచిండు. అయిపాయె. లేపుర్రి."

"ఎట్లయిపాయె? మనిషికి ఇనవడకుంట పిలిస్తె పిలిచినట్లా? ఇంటికాడ మా అక్క నన్ను అడుగుతది."

"సచ్చినోనికి ఏ చెవైతేందిర సాయిలూ?"

"సచ్చిండని తెలిస్తె మరి పిలుసుడెందుకు తాతా?"

దీనికి ముత్తయ్య తాత చేతికర్ర మళ్లీ నేలకు కొట్టాడు. ఆ తర్వాత ఎంతో చదువుకున్నవాళ్లను అడిగాను, వాళ్లూ ఇంతకంటే మంచి జవాబు చెప్పలేదు. డప్పులు ఆగిపోయాయి. దారి మధ్యలో శవాన్ని పెట్టుకుని పదిమంది మగవాళ్లు వాదానికి దిగారు. మళ్లీ పిలిస్తే ఆరవుతాయి, ఆరు పిలవచ్చునా? వినపడని మూడు లెక్కలోకి వస్తాయా? "ఆరుసార్లు పిలిస్తె ఈన కాదు, పక్క గోరీలకెల్లి ఇంకోడు లేసొస్తడు" అన్నాడు మోసేవాళ్లలో ఒకడు. పాడెను మలిపితే తల దిక్కు మారుతుందని ఇంకొకడు. చివరికి ముత్తయ్య తాత, మా అమ్మ నోటికి భయపడో ఏమో, "సరే, కానియ్యుర్రి, పాడె కదపొద్దు, పిలగాడే అటు పోవాలె" అని తీర్పు చెప్పాడు.

అటు అంటే కంప. ఒకతను కర్రతో కొమ్మ ఎత్తి పట్టుకున్నాడు. నేను తడి పంచెతో, మోకాళ్ల మీద, తుమ్మముళ్ల కిందుగా పాకుతూ మా బాపు కుడివైపు చేరాను. పంచె ముల్లుకు చిక్కుకుంది. ఒక చేత్తో అది ఊడకుండా పట్టుకుని, రెండో చెయ్యి నేలకు ఆనించి వంగాను. కుడి చెవి. ఎన్ని వేలసార్లు నోరు పెట్టి మాట్లాడిన చెవి. నోరు తెరిచాను. అప్పుడు పాడెకు అటువైపునుంచి సాయిలు మామ, పూర్తి ఏడుపు గొంతుతో, తువ్వాల కళ్లకు అద్దుకుంటూ అన్నాడు:

"జల్ది పిలువుర అల్లుడా. ఆ ఎడమ చెవుల పన్నెండేండ్ల సంది మా అక్క తిట్లు తప్ప ఇంకోటి వడలే. ఇందాక నువ్వు పిలిచింది గూడ ఆమెనే తిడుతాందనుకొని సప్పుడు జెయ్యక పన్నడు పాపం."

నేను ‘బా’ అన్నాను. దాని తర్వాత రావాల్సింది రాలేదు. నవ్వు వచ్చింది. చిన్నది కాదు. కడుపులోంచి, బస్సు దిగినప్పటినుంచి ఎక్కడో తిరుగుతున్నదేదో దారి దొరికినట్టు, నేరుగా ఆ చెవిలోకే వచ్చింది. తల ఎత్తి, ఊపిరి పీల్చి, మళ్లీ వంగాను. మళ్లీ నవ్వే. పంచె చిరిగిన చప్పుడైంది. కొమ్మ పట్టుకున్నతను నవ్వాపుకోలేక దాన్ని వదిలేస్తే అది నా వీపు మీద పడింది. మోసేవాళ్లు నలుగురూ నాలుగు దిక్కులకు తిరిగి నిలబడ్డారు, వీపులు మాత్రం ఊగుతున్నాయి. డప్పువాళ్లలో ఒకడు డప్పు వెనక మొహం పెట్టుకున్నాడు. సాయిలు మామ ఏడుస్తూ నవ్వుతున్నాడో, నవ్వుతూ ఏడుస్తున్నాడో, ముక్కు మాత్రం రెండిటికీ కారుతోంది. మూడోసారి వంగాను. ఈసారి కచ్చితంగా పిలవాలనుకున్నాను. కళ్లు మూసుకుని అమ్మ ముఖం తలుచుకున్నాను. అమ్మ ముఖంతోపాటు కోళ్ల గంప కూడా వచ్చింది. అయిపోయింది.

"ఇగ చాలు. లేపుర్రి" అన్నాడు ముత్తయ్య తాత. ఆయన ఎటు తిరిగి అన్నాడో నేను చూడలేదు.

కాష్టం అంటించాను. ఎవరూ ఎవరి ముఖం చూడలేదు. అక్కడ నాకు నవ్వు రాలేదు, ఏడుపూ రాలేదు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు, అంతే. తిరుగుదారిలో వెనక్కి చూడొద్దన్నారు. నేను ముందుకు చూడ్డానికే భయపడుతున్నాను. ముందు మా ఇల్లుంది, ఇంట్లో ఆమె ఉంది.

ఇక్కడ కాసేపు లేచి తిరిగొచ్చాను. కావాలనే. ఆ గడప దాకా వెళ్లి ఆగిపోవడం ఈ రోజుల్లో నాకు అలవాటైంది. పోయిన ఎండాకాలం మా ఊళ్లో ఒక దూరపు చుట్టం పోతే వెళ్లాను. శవాన్ని వ్యానులో తీసుకుపోతున్నారు. పైన మైకు, చుట్టూ బంతిపూల దండలు. దింపుడుకల్లం దగ్గర వ్యాను ఆగింది. ఎవరూ దించలేదు. కొడుకే పైకెక్కి, అద్దాలపెట్టె అంచు మీద వంగి పిలిచాడు. డ్రైవరు ఇంజను ఆపలేదు. ఆ చప్పుడులో ఏ చెవిలో పిలిచినా ఒకటే. పద్ధతి మాత్రం తప్పలేదు, అందరూ తృప్తిగానే ఉన్నారు. అప్పటి మా వాదం, ముళ్లు, చిరిగిన పంచె మంచివని నేననను. శవాన్ని ఎండలో పెట్టుకుని తగువులాడటం ఏం గొప్ప? కానీ ఆ పదిమందీ, నవ్వినవాళ్లు కూడా, ఆ మనిషికి ఏ చెవి వినపడుతుందో తెలిసినవాళ్లు. మొన్న సాయంత్రం మా మనవలిద్దరూ ముందుగదిలో ఫోను చూసుకుంటూ విరగబడి నవ్వారు. మాటలు అందలేదుగానీ ఆ నవ్వు ఎట్లాగో అందింది. నేను కుర్చీతో సహా తిరిగి, "ఏందిరా అది?" అన్నాను. "ఏం లేదు తాతా" అన్నారు తల ఎత్తకుండా. వాళ్లమీద కోపం రాలేదు. ఆ జవాబు వాళ్లకు ఎవరినుంచి వచ్చిందో నాకు తెలుసు. అది మాత్రం నిజంగా వంశపారంపర్యం.

సరే, గడప దగ్గరికి.

చావింటికి తిరిగొచ్చినవాళ్లు కాళ్లు కడుక్కుని లోపలికి రావాలి. వాకిట్లో గాబు నిండా నీళ్లు పెట్టారు. అందరూ ముంతలతో ముంచి పోసుకుంటున్నారు. నేను అలవాటు లేని మనిషిలా అటూ ఇటూ చూసి, గడప పక్కన నీళ్లతో తయారుగా ఉన్న చెంబు మీద చెయ్యి వేశాను.

"అది ముట్టకు" అన్నది అమ్మ, లోపలినుంచి. "మీ బాపుది."

ఆ చెంబు తోమి ఉంది. తళతళా మెరుస్తోంది. మేం పాడె ఎత్తాక ఆమె చేసిన పని అదన్నమాట. ఆమె వచ్చి గడపలో కూర్చుంది. నావైపు కాదు, నా వెనక దారివైపు చూసింది. నా చిరిగిన పంచె, మోచేతుల మీద ముళ్ల గీతలు చూసింది. అవి ఎట్లా వచ్చాయని అడగలేదు.

"కుడి చెవులనేనా?"

"కుడి చెవులనే అమ్మా."

ఇక్కడితో ఆగిపోవచ్చు. ఆగితే అబద్ధం కూడా కాదు. నేను సాయిలు మామవైపు చూశాను. ఆయన మా ఇంటి దూలాన్ని మొదటిసారి చూస్తున్నవాడిలా పరీక్షగా చూస్తున్నాడు.

"ఏమని పిలిచినవ్?"

బాపూ అని పిలిచానంటే చాలు. సరిగ్గా పిలిచినా లేవలేదని ఆమె ఒప్పుకుంటుందో, లేక సరిగ్గా పిలవలేదని చచ్చేదాకా నన్ను ఎడమవైపునుంచి తిడుతుందో తేలిపోతుంది. కానీ ఆ మెరుస్తున్న చెంబు ముందు అబద్ధం బయటికి రాలేదు.

"పిలువలేదమ్మా. నవ్వొచ్చింది. నవ్విన."

"చెవులనా?"

"చెవులనే."

"ఎన్నిసార్లు?"

"మూడుసార్లు."

"గట్టిగనా?"

"గట్టిగనే అమ్మా."

ఎవరో ఆడమనిషి "అయ్యో" అన్నది. అమ్మ చెయ్యెత్తి ఆమెను ఆపింది. దారివైపు ఇంకొంచెంసేపు చూసింది. తర్వాత గడప పట్టుకుని లేచి, కొంగు దులుపుకుని, కాలితో ఆ చెంబును నావైపు జరిపింది.

"నువ్వు మూడుసార్లు నవ్వినా ‘ఏందిర’ అని అడగలేదంటె, ఇగ రాడు తియ్యి. ఆ నీళ్లు నీ కాళ్లకే పోస్కో."